అపలాచియా కొండ ఊళ్లలో ఆకలి, జబ్బు: స్థానిక సంస్థలు చేయగలిగింది ఎంత?

1961 మే 29న వెస్ట్ వర్జీనియా రాష్ట్రంలోని మెక్‌డోవెల్ కౌంటీలో (కౌంటీ అంటే మన జిల్లా లాంటిది), పదిహేను మంది ఉన్న ఒక కుటుంబానికి అమెరికా వ్యవసాయ మంత్రి ఓర్విల్ ఫ్రీమన్ 95 డాలర్ల విలువైన ఫుడ్ స్టాంపులు (కొట్లో తిండి సరుకులు కొనుక్కునే ప్రభుత్వ కూపన్లు) అందించారు. ఈనాడు స్నాప్ అని పిలుస్తున్న పథకానికి అదే మొదలు. అంతకు ముందు ఏడాది ఎన్నికల ప్రచారం కోసం జాన్ కెనడీ ఈ బొగ్గు ఊళ్లన్నీ తిరిగారు. పని పోయిన గని కార్మికుల ఇళ్లు, వాళ్ల పిల్లల కంచాల్లో ఉన్న తిండి కళ్లారా చూశారు. అధ్యక్షుడయ్యాక ఆయన మొట్టమొదట సంతకం పెట్టిన ఉత్తర్వు పేద కుటుంబాలకు ఇచ్చే ఆహారాన్ని పెంచమని చెప్పేదే. 1964లో ఫుడ్ స్టాంపుల పథకం శాశ్వత చట్టమైంది.

1950లో మెక్‌డోవెల్ కౌంటీ జనాభా లక్షకు దగ్గర్లో ఉండేది. 2020 లెక్కల్లో 19 వేలు. ఆకలి మీద ప్రభుత్వ పోరాటం ఏ కౌంటీలో మొదలైందో, అరవై ఏళ్లు దాటాక ఆ కౌంటీలోనే జనం ఫుడ్ బ్యాంకు ముందు లైన్లో నిలబడుతున్నారు. ఆ లైన్లో ఉన్నవాళ్లలో చాలామందికి షుగర్, బీపీ, గుండె జబ్బు కూడా ఉన్నాయి. అందుకే ఇక్కడి క్లినిక్‌లు కూరగాయలు పంచుతున్నాయి, చర్చిలు బీపీ చూస్తున్నాయి, కాలేజీలు పెరటి తోటలు వేయిస్తున్నాయి. బయటినుంచి చూస్తే గందరగోళంగా అనిపించే ఈ పనుల వెనక ఒక లెక్క ఉంది. అది అర్థం కావాలంటే ముందు బొగ్గు దగ్గరికి వెళ్లాలి.

ఏది అపలాచియా?

1965లో ఏర్పడిన అపలాచియన్ రీజినల్ కమిషన్ అనే ప్రభుత్వ సంస్థ లెక్క ప్రకారం ఈ ప్రాంతం 13 రాష్ట్రాల్లో, 423 కౌంటీల్లో విస్తరించి ఉంది. జనాభా రెండున్నర కోట్ల పైమాటే. న్యూయార్క్ దక్షిణ భాగం నుంచి మిసిసిపీ ఈశాన్యం దాకా ఈ కొండల వరస సాగుతుంది. పిట్స్‌బర్గ్ కూడా ఇందులోదే. అంటే అమెరికా తెలుగువాళ్లు ఏళ్లుగా వెళ్తున్న పెన్ హిల్స్ వేంకటేశ్వర ఆలయం అధికారికంగా అపలాచియాలోనే ఉంది. ఇంత పెద్ద ప్రాంతానికి సగటు తీస్తే అసలు కష్టం మరుగున పడుతుంది. తూర్పు కెంటకీ, దక్షిణ వెస్ట్ వర్జీనియా, నైరుతి వర్జీనియా, ఈశాన్య టెనెసీ కలిసే చోటును సెంట్రల్ అపలాచియా అంటారు. ఈ వ్యాసంలో ఎక్కువగా చెప్పేది ఆ ఇరుకు లోయల గురించే.

అక్కడ ఇరవయ్యో శతాబ్దం మొదటి సగమంతా ఊరు కంపెనీది. ఇల్లు కంపెనీది, కొట్టు కంపెనీది, డాక్టరు కూడా కంపెనీ మనిషే. డాక్టరు ఫీజు కార్మికుడి జీతంలోంచి నెలనెలా కోసేవాళ్లు. చాలాచోట్ల జీతం కూడా కంపెనీ కొట్టులో మాత్రమే చెల్లే టోకెన్లలో వచ్చేది. ఇలాంటి ఊరికి సొంతంగా మార్కెట్టు, ఆస్పత్రి, నీళ్ల వ్యవస్థ కట్టుకునే అవసరం గానీ, అవకాశం గానీ రాలేదు. 1950లలో గనుల్లోకి యంత్రాలు వచ్చి కార్మికుల్ని తగ్గించినప్పుడు ఉద్యోగంతో పాటు మిగతావన్నీ ఒక్కొక్కటిగా పోయాయి.

భూమి సంగతి ఇంకా ముఖ్యం. 1981లో స్థానికులూ పరిశోధకులూ కలిసి ఆరు రాష్ట్రాల్లోని 80 కౌంటీల్లో భూమి రికార్డులు తిరగేశారు. చూసిన భూమిలో చాలా భాగం బయటి కంపెనీల చేతుల్లో, ఆ ఊళ్లలో నివసించని యజమానుల చేతుల్లో ఉందని తేలింది. దాని మీద వచ్చే పన్ను కూడా నామమాత్రం. కౌంటీకి పన్ను రాకపోతే బడికి, రోడ్డుకి, మంచినీళ్ల పైపుకి డబ్బు ఉండదు. కొండ ప్రాంతం కావడంతో చదునైన నేల అసలే తక్కువ, ఉన్న కాస్తా నది ఒడ్డున. వరద వస్తే మొదట మునిగేది అదే. ఈ ఊళ్లలో జనం తిండి అలవాట్ల మీద, బద్ధకం మీద తేలిగ్గా మాటలు విసిరేవాళ్లు ఈ భూమి లెక్క ఒక్కసారి చూస్తే బాగుంటుంది.

బొగ్గు టన్నుతో ముడిపడిన ఆస్పత్రులు

ఆరోగ్యం కోసం ఇక్కడి జనం చేసుకున్న ప్రయత్నాలు కొత్తవేం కాదు. కెంటకీలోని హైండ్‌మన్‌లో 1902లో క్యాథరిన్ పెటిట్, మే స్టోన్ అనే ఇద్దరు మహిళలు పెట్టిన సెటిల్‌మెంట్ స్కూల్ చదువుతో పాటు వైద్యం కూడా చూసింది. కళ్లు పోగొట్టే ట్రకోమా జబ్బు ఆ రోజుల్లో ఆ లోయల్ని పట్టి పీడించేది. లెక్సింగ్టన్ నుంచి కళ్ల డాక్టరు వచ్చి ఆ బళ్లోనే క్లినిక్ నడిపేవారు. 1925లో మేరీ బ్రెకిన్‌రిడ్జ్ లెస్లీ కౌంటీలో మొదలుపెట్టిన సంస్థ ఫ్రాంటియర్ నర్సింగ్ సర్వీస్‌గా పేరు తెచ్చుకుంది. రోడ్లు లేని కొండల్లో నర్సులు గుర్రాల మీద వెళ్లి కాన్పులు చేసేవాళ్లు. డాక్టరు కోసం ఎదురుచూడకుండా, శిక్షణ పొందిన నర్సు ఇంటికి వెళ్లాలన్న ఆలోచన అక్కడ వందేళ్ల నుంచి పని చేస్తోంది.

అన్నిటికంటే పెద్ద ప్రయత్నం గని కార్మికుల సంఘానిది. 1946లో జరిగిన ఒప్పందం ప్రకారం తవ్విన ప్రతి టన్ను బొగ్గుకీ 5 సెంట్లు కార్మికుల సంక్షేమ నిధికి జమ చేయాలి. 1952కల్లా అది 40 సెంట్లకు చేరింది. ఆ డబ్బుతో 1950ల మధ్యలో కెంటకీ, వర్జీనియా, వెస్ట్ వర్జీనియాల్లో పది ఆధునిక ఆస్పత్రులు కట్టారు. చెమటోడ్చిన కార్మికుల డబ్బుతో కట్టిన ఆస్పత్రులు అవి, వాళ్లకు వాటి మీద ఉన్న గర్వం సహజమైనదే. కానీ బొగ్గు తగ్గేసరికి నిధి తగ్గింది. పదేళ్లు కూడా తిరక్కుండానే వాటిని నడపలేమని సంఘం ప్రకటించింది. చివరికి ప్రభుత్వ సాయంతో ఒక లాభాపేక్ష లేని సంస్థ వాటిని తీసుకుంది. అదే ఇప్పటి అపలాచియన్ రీజినల్ హెల్త్‌కేర్.

ఒకే పరిశ్రమ మీద నిలబెట్టిన సేవ ఆ పరిశ్రమతో పాటే కుంగుతుందని ఆ ఆస్పత్రులు అరవై ఏళ్ల క్రితమే చూపించాయి. తర్వాత అలాంటిదే ఒక పెద్ద దుకాణం విషయంలో జరిగింది. మెక్‌డోవెల్ కౌంటీలోని కింబల్ దగ్గర 2005లో వాల్‌మార్ట్ సూపర్‌సెంటర్ తెరిచారు. తాజా కూరగాయలు, మందులు, ఉద్యోగాలు అన్నీ అక్కడే. 2016 జనవరిలో దాన్ని మూసేశారు. కౌంటీకి పెద్ద ఉద్యోగాల కల్పనదారు పోయింది. ఆ దుకాణం నుంచి మిగులు సరుకు తెచ్చుకుని పంచుతున్న ఫైవ్ లోవ్స్ అండ్ టూ ఫిషెస్ అనే స్థానిక ఫుడ్ బ్యాంకుకి కూడా రాబడి పడిపోయింది. జనం అవసరం పెరిగిన రోజునే సరుకు తగ్గింది.

ఆకలి ఉన్నచోట షుగర్ ఎందుకు ఎక్కువ?

మన దగ్గర చాలామందికి ఆకలి అనగానే ఎముకలు తేలిన శరీరం గుర్తొస్తుంది. అపలాచియాలో ఆకలితో ఉన్న మనిషి లావుగా ఉండొచ్చు. నెలంతా సరిపడా తిండి కొనే స్తోమత లేని కుటుంబం చేతిలో ఉన్న డబ్బుకి కడుపు నిండే సరుకు కొంటుంది. అంటే బ్రెడ్డు, నూడుల్స్, డబ్బా మాంసం, చిప్స్, కూల్‌డ్రింకులు. తాజా కూరగాయలు దొరికే కొట్టు కొండ అవతల ఉంటుంది. కారు లేకపోతే పక్కింటివాళ్లను బతిమాలి పెట్రోలు డబ్బు ఇచ్చి వెళ్లాలి. దగ్గర్లో ఉండేది పెట్రోల్ బంకు కొట్టో, డాలర్ స్టోరో.

దీనికి నీళ్ల కథ కూడా తోడైంది. గనుల వల్ల బావులు పాడైన ఊళ్లు, కంపెనీ రోజుల్లో వేసిన పైపులు తుప్పు పట్టిన ఊళ్లు ఇక్కడ చాలా ఉన్నాయి. కెంటకీలోని మార్టిన్ కౌంటీలో 2000 అక్టోబరులో బొగ్గు బురద చెరువు తెగి దాదాపు 30 కోట్ల గ్యాలన్ల బురద వాగుల్లో కలిసింది. ఆ తర్వాత కూడా ఏళ్ల తరబడి అక్కడి జనం కుళాయి నీళ్లను నమ్మలేకపోయారు. మెక్‌డోవెల్‌లో ఇప్పటికీ రోడ్డు పక్కన కొండ ఊటల దగ్గర డబ్బాలు పట్టుకెళ్లే కుటుంబాలు ఉన్నాయి. డిగ్‌డీప్ అనే సంస్థ అక్కడ ఇళ్లకు నీటి కనెక్షన్లు ఇప్పించే పని చేస్తోంది. కుళాయి నీళ్ల మీద నమ్మకం లేని ఇంట్లో పిల్లల చేతికి సీసాలో చల్లటి కూల్‌డ్రింకు రావడంలో ఆశ్చర్యం ఏముంది? ఆ పిల్లల్లో కొందరికి పాతికేళ్లు రాకముందే పళ్లు ఊడిపోతున్నాయి. పంటి డాక్టర్లు ఈ ప్రాంతం గురించి ఎప్పటినుంచో మొత్తుకుంటున్నది ఇదే.

2017లో అపలాచియన్ రీజినల్ కమిషన్ ఇచ్చిన నివేదిక ప్రకారం ఇక్కడ గుండె జబ్బు మరణాలు దేశ సగటు కంటే 17 శాతం ఎక్కువ, షుగర్ మరణాలు 11 శాతం, ఊపిరితిత్తుల దీర్ఘవ్యాధి మరణాలు 27 శాతం ఎక్కువ. జనాభాతో పోలిస్తే పంటి డాక్టర్లు 26 శాతం తక్కువ, మానసిక వైద్య నిపుణులు 35 శాతం తక్కువ. ఇది మొత్తం ప్రాంతపు సగటు. పిట్స్‌బర్గ్‌ను కలుపుకున్న లెక్క. బొగ్గు కౌంటీలను విడిగా చూస్తే ఇంకా భయపెడుతుంది.

ఆకలి, షుగర్ ఒకదాన్నొకటి ఎలా పెంచుతాయో చెప్పే ఒక అధ్యయనం ఉంది. ఇది కాలిఫోర్నియా ఆస్పత్రుల లెక్కలతో 2014లో వచ్చింది. రక్తంలో చక్కెర ప్రమాదకరంగా పడిపోయి ఆస్పత్రిలో చేరే పేదల సంఖ్య నెల మొదటి వారం కంటే చివరి వారంలో 27 శాతం ఎక్కువగా కనిపించింది. డబ్బున్నవాళ్లలో ఈ తేడా లేదు. కారణం ఊహించడం కష్టమేమీ కాదు. జీతం, ఫుడ్ స్టాంపుల డబ్బు నెల మొదట్లో వస్తాయి, చివరికి అయిపోతాయి. ఇన్సులిన్ వేసుకున్నాక తినడానికి ఏమీ లేకపోతే షుగర్ డౌన్ అవుతుంది. డబ్బు రాగానే కడుపు నిండా తింటే పైకి ఎగురుతుంది. ఇలాంటి రోగికి డాక్టరు మందు డోసు మార్చినంత మాత్రాన లాభం లేదు. క్లినిక్‌లోకి కూరగాయలు రావడానికి మూలం ఇక్కడే ఉంది.

చీటీ మీద కూరగాయలు

కెంటకీలోని లెచర్ కౌంటీలో వైట్స్‌బర్గ్ అనే చిన్న పట్టణం ఉంది. అక్కడి మౌంటెన్ కాంప్రిహెన్సివ్ హెల్త్ కార్పొరేషన్ అనే సామాజిక ఆరోగ్య కేంద్రం, ఊరి రైతు మార్కెట్టుతో కలిసి 2015లో ఫార్మసీ (Farmacy; ఫార్మ్ అంటే పొలం) పేరుతో ఒక కార్యక్రమం మొదలుపెట్టింది. ఆదాయం తక్కువగా ఉండి షుగర్, బీపీ లాంటి జబ్బులున్నవాళ్లకు డాక్టరు మందుల చీటీతో పాటు కూరగాయల చీటీ రాసిస్తారు. కుటుంబంలో ఎంతమంది ఉంటే అంత విలువ. ఆ చీటీని మార్కెట్టులో రైతు దగ్గర ఇచ్చి బీన్స్, టమాటా, మొక్కజొన్న తీసుకోవచ్చు. రైతుకి ఆ డబ్బు తర్వాత అందుతుంది.

ఈ ఏర్పాటులో నాకు నచ్చింది డబ్బు తిరిగే తీరు. మామూలుగా సాయం పేరుతో వచ్చే సరుకు ఎక్కడో దూరపు గోదాముల నుంచి లారీల్లో వస్తుంది. ఇక్కడ రోగి ఇంటికి కూరగాయ చేరుతుంది, ఆ డబ్బు పక్క లోయలో ఉన్న రైతుకి చేరుతుంది. పొగాకు, బొగ్గు రెండూ పోయిన చోట చిన్న రైతుకి ఖాయంగా కొనేవాళ్లు దొరకడం చిన్న సంగతి కాదు. వర్జీనియాలో 1995లో మొదలైన అపలాచియన్ సస్టైనబుల్ డెవలప్‌మెంట్ అనే సంస్థ కూడా ఇదే ఆలోచనతో పొగాకు రైతుల్ని కూరగాయల వైపు మళ్లించి, వాళ్ల పంటను ఒకచోట చేర్చి పెద్ద దుకాణాలకు అమ్మిపెడుతోంది. కెంటకీలోని బెరియా కాలేజీ 2009లో మొదలుపెట్టిన గ్రో అపలాచియా దీనికి ఇంకో కొస నుంచి వచ్చింది. వ్యాపారవేత్త జాన్ పాల్ డిజోరియా విరాళంతో నడిచే ఈ కార్యక్రమం ఊరూరా స్థానిక సంస్థల ద్వారా విత్తనాలు, పనిముట్లు, నేల పరీక్ష, సలహా ఇచ్చి ఇంటి పెరట్లోనే తోట వేయిస్తుంది. ఒకప్పుడు ఈ కొండల్లో ప్రతి ఇంటికీ పెరటి తోట ఉండేది. బీన్స్ ఎండబెట్టడం, సీసాల్లో పెట్టి నిల్వ చేయడం అమ్మమ్మలందరికీ వచ్చు. కాబట్టి ఇక్కడ తోట నేర్పడం అంటే చాలావరకు మర్చిపోతున్నది గుర్తుచేయడమే.

అయితే కూరగాయల చీటీతో షుగర్ తగ్గుతుందా? ఇక్కడ నిజాయితీగా మాట్లాడాలి. పెన్సిల్వేనియాలోని షమోకిన్ అనే పాత బొగ్గు పట్టణంలో గైసింగర్ ఆస్పత్రి సంస్థ 2016లో ఇలాంటి కార్యక్రమం మొదలుపెట్టినప్పుడు, తొలి రోగుల్లో మూడు నెలల సగటు షుగర్ బాగా తగ్గిందని వార్తలు వచ్చాయి. దేశమంతా ఆశ పెంచుకుంది. కానీ 2023 చివర్లో ఒక పెద్ద ట్రయల్ ఫలితాలు వెలువడ్డాయి. కొందరు రోగులకు వారానికి పది భోజనాలకు సరిపడా మంచి ఆహారం కుటుంబమంతటికీ ఇచ్చారు, డైటీషియన్ సలహా ఇప్పించారు. మిగతావాళ్లకు మామూలు వైద్యమే. ఆరు నెలల తర్వాత రెండు గుంపుల్లోనూ షుగర్ ఇంచుమించు ఒకేలా తగ్గింది. షుగర్ బాగా పెరిగిన దశలో కార్యక్రమంలో చేరినవాళ్లకు ఎలాగూ కొంత తగ్గుతుందని, పోల్చి చూసే గుంపు లేకపోతే మనం మోసపోతామని దీంతో తేలింది.

దీన్ని పట్టుకుని కూరగాయల చీటీలు దండగ అనేవాళ్లున్నారు. నేను ఒప్పుకోను. ఆకలి తీరడమే ఒక ఫలితం, దానికి రక్తపరీక్షలో రుజువు అడగడం న్యాయం కాదు. అలాగని ఇది మందులకు బదులు పనిచేస్తుందని, ప్రభుత్వానికి ఖర్చు మిగులుస్తుందని గొప్పలు చెప్పి నిధులు తేవడం కూడా సరికాదు. ఆ లెక్క తేలకపోతే రేపు నిధులు ఆగిపోతాయి. అప్పుడు నష్టపోయేది చీటీ పట్టుకున్న రోగే.

ఇంటికి వెళ్లే మనిషి

ఇక్కడి సంస్థల్లో నేను అన్నిటికంటే ముందు నిలబెట్టేది కెంటకీ హోమ్‌ప్లేస్. 1994లో మొదలైంది, హజార్డ్ పట్టణంలోని కెంటకీ విశ్వవిద్యాలయం గ్రామీణ ఆరోగ్య కేంద్రం కింద నడుస్తుంది. ఆ ఊళ్లలో పుట్టి పెరిగిన వాళ్లనే తీసుకుని, శిక్షణ ఇచ్చి ఆరోగ్య కార్యకర్తలుగా పెడతారు. మన ఆశా వర్కర్లు చేసే పనికి ఇది దగ్గరగా ఉంటుంది. కాకపోతే ఇక్కడ ఎక్కువగా చూసేది పెద్దవాళ్ల దీర్ఘవ్యాధులు. మందులు కొనలేని వాళ్లకి కంపెనీల ఉచిత మందుల పథకంలో పేరు రాయించడం, కళ్లద్దాలు ఇప్పించడం, డాక్టరు దగ్గరికి వెళ్లడానికి బండి చూడటం, ఫుడ్ స్టాంపుల ఫారం నింపిపెట్టడం, షుగర్ కాళ్లను ఎలా చూసుకోవాలో చెప్పడం వీళ్ల పని. రోగి దగ్గర పైసా తీసుకోరు.

డాక్టరు పదిహేను నిమిషాల్లో కనిపెట్టలేని విషయం ఇలాంటి మనిషి వంటింట్లోకి వెళ్తే తెలుస్తుంది. ఫ్రిజ్‌లో ఏముంది, కరెంటు ఉందా, ఇన్సులిన్ ఎక్కడ పెడుతున్నారు, మాత్రలు సగం చేసి మింగుతున్నారా? పక్క ఊరి అమ్మాయి అడిగితే చెప్పే మాట తెల్ల కోటు వేసుకున్న డాక్టరు అడిగితే చెప్పరు. వెస్ట్ వర్జీనియాలోని విలియమ్సన్‌లో కూడా ఇదే పద్ధతి వేరే రూపంలో నడిచింది. డాక్టర్ డినో బెకెట్ ముందుండి నడిపిన ఆరోగ్య కేంద్రం, షుగర్ అదుపులో లేని రోగుల ఇళ్లకు కార్యకర్తల్ని పంపింది. ఊళ్లో సామూహిక తోట, రైతు మార్కెట్టు, నెలనెలా పరుగు పందెం కూడా పెట్టారు. 2014లో ఆ పట్టణానికి రాబర్ట్ వుడ్ జాన్సన్ ఫౌండేషన్ ఆరోగ్య సంస్కృతి బహుమతి వచ్చింది. 2020 ఏప్రిల్‌లో, కోవిడ్ మొదలైన నెలల్లోనే, అదే పట్టణంలోని ఆస్పత్రి డబ్బుల్లేక మూతపడింది. మంచి క్లినిక్, చురుకైన జనం ఉన్నంత మాత్రాన ఆస్పత్రి నిలబడదని విలియమ్సన్ చూపించింది.

డాక్టర్ల కొరత గురించి చెప్పేటప్పుడు మనవాళ్ల పాత్ర కూడా చెప్పాలి. జె-1 వీసా మీద అమెరికాలో శిక్షణ పొందిన విదేశీ డాక్టర్లు ఆ వీసా నిబంధన ప్రకారం రెండేళ్లు స్వదేశానికి తిరిగి వెళ్లాలి. డాక్టర్లు లేని ఊళ్లో మూడేళ్లు పని చేస్తే ఆ నిబంధన నుంచి మినహాయింపు దొరుకుతుంది. అపలాచియన్ కమిషన్ కూడా ఇలాంటి మినహాయింపులకు సిఫార్సు చేస్తుంది. ఈ దారిలో వచ్చిన భారతీయ డాక్టర్లు, వాళ్లలో తెలుగువాళ్లు కూడా, ఈ కొండ ఊళ్ల ఆస్పత్రుల్లో దశాబ్దాలుగా పని చేస్తున్నారు. మూడేళ్ల కోసం వచ్చి అక్కడే స్థిరపడిపోయినవాళ్లూ ఉన్నారు.

గుడారంలో పంటి కుర్చీ

నైరుతి వర్జీనియాలో 1980లో సిస్టర్ బెర్నీ కెన్నీ అనే సన్యాసిని, నర్సు కూడా, తన చిన్న ఫోక్స్‌వ్యాగన్ కారులో మందులు పెట్టుకుని ఊళ్లు తిరగడం మొదలుపెట్టారు. అదే తర్వాత హెల్త్ వ్యాగన్ అనే సంచార క్లినిక్ అయింది. 2000 నుంచి వైజ్ కౌంటీ సంత మైదానంలో రిమోట్ ఏరియా మెడికల్ అనే సంస్థతో కలిసి ఏటా మూడు రోజుల ఉచిత శిబిరం పెట్టారు. ఆ సంస్థను 1985లో స్టాన్ బ్రాక్ స్థాపించారు. దక్షిణ అమెరికా అడవుల్లాంటి, డాక్టరే లేని మారుమూల ప్రాంతాల కోసం పెట్టిన సంస్థ చివరికి అమెరికాలోనే ఎక్కువగా పని చేయాల్సి వచ్చింది. జనం ముందురోజు రాత్రే వచ్చి కార్లలో పడుకుని, తెల్లవారకముందే టోకెన్ కోసం నిలబడేవాళ్లు. పశువుల్ని ప్రదర్శించే షెడ్లలో, గుడారాల్లో పంటి కుర్చీలు వేసి వందల మందికి పళ్లు పీకేవాళ్లు.

ఆ ఫొటోలు దేశాన్ని కదిలించాయి. కానీ ఆ క్యూ తగ్గించిన మార్పులు వేరే చోట జరిగాయి. పేదలకు ప్రభుత్వం ఇచ్చే ఆరోగ్య బీమా మెడికెయిడ్‌ను 2019 జనవరిలో వర్జీనియా మరింతమంది పెద్దవాళ్లకు విస్తరించింది. 2021 జులై నుంచి పెద్దవాళ్ల పంటి వైద్యాన్ని కూడా అందులో చేర్చింది. కెంటకీ 2014లోనే మెడికెయిడ్ విస్తరించింది, గ్యాలప్ సర్వే ప్రకారం బీమా లేనివాళ్లు 20 శాతం నుంచి 2015 నాటికి ఏడున్నర శాతానికి తగ్గారు. టెనెసీ మాత్రం ఇప్పటిదాకా విస్తరించలేదు. శిబిరాలు నడిపినవాళ్లను తక్కువ చేయడానికి ఈ మాట చెప్పడం లేదు. మైదానంలో ఆ క్యూ కనిపించకపోయి ఉంటే చట్టసభలో ఆ ఓటు పడటం ఇంకా ఆలస్యమయ్యేదేమో. సమస్యను కళ్లకు కట్టించడం కూడా ఈ సంస్థలు చేసిన సేవే.

ఊపిరితిత్తుల విషయంలో ఇది ఇంకా స్పష్టం. బొగ్గు దుమ్ముతో వచ్చే బ్లాక్ లంగ్ జబ్బు తగ్గిపోయిందని అనుకుంటున్న రోజుల్లో, నైరుతి వర్జీనియాలోని స్టోన్ మౌంటెన్ హెల్త్ సర్వీసెస్ క్లినిక్‌లలో ఆ జబ్బు అతి తీవ్ర రూపంలో ఉన్న 416 మంది బయటపడ్డారు. 2018లో ఆ లెక్క అచ్చయ్యాక గానీ దాని తీవ్రత దేశానికి తెలియలేదు. మంచి బొగ్గు పొరలు అయిపోయి, సన్నటి పొరల కోసం రాయిని కోయడంతో సిలికా దుమ్ము ఊపిరితిత్తుల్లోకి పోతోంది. ఊళ్లో నమ్మకమున్న క్లినిక్ లేకపోతే ఆ కార్మికులు ఏ లెక్కలోకీ వచ్చేవాళ్లు కారు.

తొమ్మిదికి ఒకటి

చిన్న ఊళ్లో సాయం తీసుకోవడానికి సిగ్గు పెద్ద అడ్డంకి. ఫుడ్ ప్యాంట్రీలో సంచి ఇచ్చే మనిషి బళ్లో కలిసి చదువుకున్న మనిషే అయి ఉంటుంది. అందుకే అందరికీ ఇచ్చే పద్ధతి బాగా పని చేస్తుంది. 2010 చట్టంతో వచ్చిన వెసులుబాటు ప్రకారం పేద పిల్లలు ఎక్కువగా ఉన్న బళ్లలో ఆదాయం అడగకుండా పిల్లలందరికీ ఉచితంగా టిఫిన్, భోజనం పెట్టవచ్చు. దాన్ని మొదట ప్రయత్నించిన రాష్ట్రాల్లో కెంటకీ ఒకటి, ఏడాది తర్వాత వెస్ట్ వర్జీనియా చేరింది. శని, ఆదివారాల కోసం చర్చిలు, క్లబ్బులు శుక్రవారం సాయంత్రం పిల్లల బ్యాగుల్లో తిండి పొట్లాలు సర్దుతాయి.

విపత్తుల్లో ఈ సంస్థల విలువ అందరికీ తెలిసొచ్చింది. 2022 జులైలో తూర్పు కెంటకీని వరద ముంచినప్పుడు, వైట్స్‌బర్గ్ పాత హైస్కూల్ భోజనశాలలో నడిచే కేన్ కిచెన్ వేల భోజనాలు వండింది. హైండ్‌మన్ సెటిల్‌మెంట్ స్కూల్ తానూ మునిగి, ఇళ్లు పోయినవాళ్లకు చోటిచ్చింది. 2024 సెప్టెంబరులో హెలీన్ తుపాను వచ్చినప్పుడు పశ్చిమ నార్త్ కరొలైనాలోని 16 కౌంటీలకు తిండి పంపే మన్నా ఫుడ్‌బ్యాంక్ గోదాము ఆష్‌విల్‌లో నీళ్లపాలైంది. వాళ్లు కొద్ది రోజుల్లోనే రైతు మార్కెట్టుకు మారి పంపిణీ తిరిగి మొదలుపెట్టారు.

ఇంత చేసినా, ఫీడింగ్ అమెరికా అనే ఫుడ్ బ్యాంకుల సమాఖ్య పదేపదే చెప్పే లెక్క ఒకటుంది: తమ ఫుడ్ బ్యాంకులు ఒక భోజనం పెడితే స్నాప్ తొమ్మిది భోజనాలు పెడుతుంది. అంటే స్నాప్‌లో పదో వంతు కోత పడితే, దాన్ని భర్తీ చేయడానికి ఫుడ్ బ్యాంకులు తమ పనిని దాదాపు రెట్టింపు చేయాలి. వెస్ట్ వర్జీనియా దీన్ని ముందే చూసింది. 2016లో తొమ్మిది కౌంటీల్లో పిల్లలు లేని పెద్దవాళ్లకు పని నిబంధన పెట్టి, అది చూపించలేనివాళ్లకు ఫుడ్ స్టాంపులు ఆపారు. ఉద్యోగాలు చెప్పుకోదగ్గంత పెరగలేదని రాష్ట్ర ప్రభుత్వమే తర్వాత ఒప్పుకుంది. ఫుడ్ ప్యాంట్రీల ముందు మాత్రం రద్దీ పెరిగింది.

2025 ఆ తొమ్మిదినీ, ఈ ఒకటినీ ఒకేసారి దెబ్బతీసిన ఏడాది. మార్చిలో వ్యవసాయ శాఖ స్థానిక రైతుల దగ్గర కొని బళ్లకు, ఫుడ్ బ్యాంకులకు ఇచ్చే రెండు పథకాలను, సుమారు వంద కోట్ల డాలర్ల మేర, రద్దు చేసింది. జులై 4న సంతకమైన చట్టం స్నాప్ పని నిబంధనను 64 ఏళ్ల వయసు దాకా పెంచింది. పథకం నడిపే ఖర్చులో రాష్ట్రాల వాటా సగం నుంచి ముప్పావు వంతుకు పెరుగుతుంది. ఆ తర్వాత 2027 అక్టోబరు నుంచి, చెల్లింపుల్లో తప్పుల శాతం ఎక్కువున్న రాష్ట్రాలు భోజనం ఖర్చులో కూడా వాటా కట్టాలి. అక్టోబరు 1 నుంచి ప్రభుత్వ కార్యాలయాలు మూతపడి, నవంబరులో స్నాప్ డబ్బు సమయానికి రాక జనం టెన్షన్ పడ్డారు. గ్రామీణ ఆరోగ్యం కోసం ఐదేళ్లలో 5,000 కోట్ల డాలర్లు ఇస్తామని ఆ జులై చట్టంలోనే ఉంది. దాన్ని స్వాగతించాలి, కానీ అదే చట్టం వల్ల మెడికెయిడ్‌లో పడే కోతతో పోలిస్తే అది చాలా చిన్నది.

ఆ చట్టం ప్రకారమే 2027 జనవరి 1 నాటికి మెడికెయిడ్ విస్తరణ కింద చేరిన పెద్దవాళ్లు నెలకు 80 గంటల పని గానీ, మినహాయింపు గానీ రుజువు చేసుకోవాలి. ఆర్కన్సాస్‌లో 2018లో ఇలాంటి నిబంధన పెట్టినప్పుడు కొద్ది నెలల్లోనే 18 వేల మందికి బీమా పోయింది. పని చేస్తున్నవాళ్లకు, మినహాయింపు ఉన్నవాళ్లకు కూడా కాగితాలు పంపలేకపోవడం వల్లే చాలావరకు నష్టం జరిగింది. ఫోన్ సిగ్నల్ అందని లోయలో, ఇంటర్నెట్ లేని ఇంట్లో, ఊపిరి ఆడని మాజీ గని కార్మికుడు తన జబ్బు నిజమేనని ఆన్‌లైన్‌లో నిరూపించుకోవాలి. ఆ ఫారం పక్కన కూర్చుని నింపిపెట్టేది హోమ్‌ప్లేస్ లాంటి సంస్థల కార్యకర్తలే. కెంటకీ, వెస్ట్ వర్జీనియా, వర్జీనియా కొండ కౌంటీల్లో ఎంతమందికి బీమా నిలబడుతుందో, ఇలాంటి కార్యకర్తల జీతాలకు డబ్బు దొరుకుతుందా లేదా అన్నదాని మీద చాలావరకు ఆధారపడి ఉంటుంది.